జడుపు నీళ్ళు

శుక్రవారం నాడు బడిలో టీచరు పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి, ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారో చెప్పమంది. రెండో తరగతి వేణి వంతు వచ్చింది. "మా నాన్న కాలేజీలో లెక్కలు చెప్తాడు. మా అమ్మ చేపల్ని భయపెడుతుంది" అంది. క్లాసంతా గొల్లుమంది.

సాయంత్రం గేటు దగ్గర టీచరు ఆ మాట చెబితే వేణి తల్లి నూకరత్నానికీ నవ్వొచ్చింది. దిద్దడానికి అందులో తప్పేమీ కనిపించలేదు. పదకొండేళ్ళుగా తను చేస్తున్న పని అదే.

కొత్తరేవు పేటలో సముద్రం మీద వేటకు వెళ్ళే ఇళ్ళు నూట నలభై దాకా ఉంటాయి. వాటిలోంచి చేపల మీద డాక్టరేటు తెచ్చుకున్నది నూకరత్నం ఒక్కతే. మొదట్లో పేట ఆడవాళ్ళు "చేపలకి సూదిమందేత్తావేటే?" అని అడిగేవారు. వేసేవాళ్ళూ ఉంటారనీ, అది వేరే చదువనీ చెప్పేది. ఆమెతో మత్స్య కళాశాలలో చదివినవాళ్ళలో ఒకడు రొయ్యపిల్లల హేచరీ పెట్టుకున్నాడు. ఒకతను మేత కంపెనీలో చేరి కారు కొన్నాడు. ఒకమ్మాయి చెరువుల్లో చేపలకు వచ్చే తెగుళ్ళు చూస్తుంది. ఇంకొకామె కలకత్తాలో కూర్చుని, సీసాల్లో ఉంచిన చేపల రెక్కల్లో ముళ్ళు లెక్కబెట్టి ఇది ఫలానా జాతి అని తేలుస్తుంది. నూకరత్నం మాత్రం చేపకు ఏం తెలుస్తుంది, అది దేనికి బెదురుతుంది అన్న ప్రశ్న పట్టుకుంది. అందులో ఉద్యోగాలు తక్కువ. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడం కూడా కష్టం.

ఆ ప్రశ్న ఆమెకు తండ్రి పడవలో దొరికింది. ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు ఏటిలో వల లాగుతుంటే ఒక జెల్ల పడవ అంచుకు ఒరుసుకుని, తోలు చీరుకుపోయి మళ్ళీ నీళ్ళలో పడింది. అంతవరకూ పడవ చుట్టూ మసులుతున్న జెల్లల మంద క్షణంలో మాయమైంది. తండ్రి వల మడిచేశాడు. "ఇంక ఈయేళ ఇక్కడ చేపలు పడవమ్మా. నీళ్ళు బెదిరిపోయినాయి" అన్నాడు.

బెదిరేది నీళ్ళు కావనీ, గాయపడ్డ చేప తోలులోంచి ఒక పదార్థం నీళ్ళలో కలుస్తుందనీ, దాని వాసన తగిలితే తోటి చేపలు పారిపోతాయనీ కాలేజీలో చదివింది. తీర మత్స్య పరిశోధన కేంద్రంలో చేరాక ఆ పదార్థాన్ని గాజు సీసాలో తయారు చేసింది. చేప తోలులో పుట్టేది కొన్ని జాతులకే పనిచేస్తుంది, గంటలో విరిగిపోతుంది. నూకరత్నం దాని అణువుకు చిన్న తోకలాంటిది తగిలించింది. దాంతో అది పండుగప్పతో సహా పరీక్షించిన ప్రతి చేపమీదా పనిచేసింది, రోజుల తరబడి నిలిచింది. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది. ల్యాబులో అందరూ "జడుపు" అనేవారు.

దాంతో అవసరం కూడా పెద్దదే. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక విద్యుత్ కేంద్రం ఉంది. యంత్రాలు చల్లబరచడానికి అది పెద్ద పెద్ద గొట్టాలతో నీళ్ళు లాగుతుంది. గుడ్లు పెట్టడానికి ఏటిలోకి వచ్చే చేపలు, వాటి పిల్లలు ఏటా లక్షలకు లక్షలు ఆ గొట్టాల్లో పడి నుజ్జయిపోతున్నాయి. గొట్టాల చుట్టూ జడుపు కలిపితే చేపలు అటు రావు. చేపను కాపాడటానికి చేపను భయపెట్టాలి. డైరెక్టరు ముక్తేశ్వరరావు గారు ఆ వాక్యాన్ని ప్రతి మీటింగులోనూ చెప్పేవారు. పన్నెండు పీపాలు సిద్ధమయ్యాయి. ఆ శుక్రవారం తర్వాత పదో రోజున, సోమవారం ఉదయం మొగలో మొదటి ప్రయోగం.

*

మర్నాడు, శనివారం ఉదయం, తొట్ల షెడ్డులో గవరయ్య ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ముప్ఫై ఏళ్ళుగా కేంద్రంలో చేపలకు మేత వేసేది ఆయనే.

"నాలుగో తొట్టోళ్ళు ఇయ్యాళ కూడా ముట్టలేదమ్మగారూ" అన్నాడు. ఆయన చేపల్ని వాళ్ళు, వీళ్ళు అనే అంటాడు.

నాలుగో తొట్టిలో నలభై పండుగప్పలున్నాయి. పదకొండు రోజుల కిందట ఆ నీళ్ళలో చెంచాడు జడుపు కలిపారు. అనుకున్నట్టే అన్నీ దూరపు మూలకు పారిపోయాయి. ఆ తర్వాత నీళ్ళు మూడుసార్లు పూర్తిగా మార్చారు. తొట్టి తోమారు. కొత్తనీళ్ళు పట్టగానే పరీక్ష చేస్తే అందులో జడుపు చుక్క కూడా లేదు. అయినా నలభై చేపలూ అదే మూల ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని, తలలు గోడకు ఆనించి, కదలకుండా నిలబడి ఉన్నాయి. మేత పైన తేలి తేలి నానిపోతోంది.

"కొత్తవి నాలుగు వేశాంగా మంగళవారం. అవి తింటున్నాయా?"

గవరయ్య వేలితో చూపించాడు. తోకకు ఎర్రదారం కట్టిన నాలుగు చేపలూ ఆ గుంపులోనే ఉన్నాయి. జడుపు అన్నది ఎరగని చేపలవి.

నూకరత్నం చాలాసేపు చూస్తూ నిలబడింది. చూస్తున్నంతసేపూ ఆమెకు తన వెనక ఎవరో నిలబడినట్టుంది. రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు. నాలుగు రోజులుగా ఇదే వరస. ప్రయోగం దగ్గర పడుతుండటంతో కంగారు పడుతున్నానేమో అనుకుంది. ఇంట్లో తలుపు గడియ వేసి, వేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసుకుంటోంది.

"ఆ నాల్గింటినీ తీసి ఆరో తొట్టిలో వేయండి గవరయ్య గారూ. అక్కడున్నవి బాగా తింటున్న చేపలే కదా. ఏమవుతుందో చూద్దాం."

గవరయ్య వలగరిట అందుకున్నాడు. ఆయన కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఎనిమిది రోజుల కిందట, తూకం వేసేటప్పుడు, ఈ నాలుగో తొట్టి పండుగప్ప వీపు ముల్లు ఆయన వేలిలో దిగింది. అదే చేప విదిలించుకుని నూకరత్నం తొడుగు చీల్చి ఆమె అరచేతినీ గీరింది. చేపలతో పనిచేసేవాళ్ళకు అదేమంత లెక్కలోది కాదు. ఇద్దరూ చేతులు కడుక్కుని పని కానిచ్చారు.

వలగరిట నీళ్ళలో ముంచబోయి గవరయ్య ఆగిపోయాడు.

"ఏమైంది?"

"ఏం లేదమ్మగారూ" అన్నాడు. కానీ ఆయన ముఖం బూడిదలా ఉంది. వలగరిట ఆమె చేతికిచ్చి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు.

*

ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం కూతురికి తలంటి, జడ వేయడానికి ముందు కూర్చోబెట్టుకుంది. వేణికి అమ్మ జడ వేస్తుంటే కబుర్లు చెప్పడం అలవాటు. ఆ రోజు మాట్లాడలేదు. దువ్వెన తలకు తగలగానే భుజాలు బిగించుకుంది. రెండో పాయ తీసేసరికి పిల్ల ఒళ్ళంతా వణకడం చేతికి తెలిసింది.

"ఏమ్మా, నొప్పా?"

వేణి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఒక్క ఉదుటున లేచి, సగం అల్లిన జడతోనే పరిగెత్తి, వరండాలో పేపర్లు దిద్దుకుంటున్న తండ్రి కుర్చీ వెనక నక్కింది.

వీరభద్రుడు తల ఎత్తి భార్య వైపు చూశాడు. "కొట్టావా?"

"లేదండీ. నేనెందుకు కొడతాను?"

"ఏమైందిరా?" అని కూతుర్ని అడిగాడు. వేణి తండ్రి చొక్కాలో ముఖం దాచుకుంది. "అమ్మ దగ్గర భయమేస్తోంది" అంది.

"అమ్మంటే భయమా?"

"అమ్మంటే కాదు. అమ్మ దగ్గర."

నూకరత్నం నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. ఆమె రెండడుగులు ముందుకు వేసింది. వేణి కీచుమని అరిచింది. ఆ అరుపులో గారాబం లేదు, మారాం లేదు. అదే క్షణంలో వీరభద్రుడు కూడా కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. తను జరిగిన సంగతి తర్వాత తెలుసుకుని, సిగ్గుపడి, "పిల్ల ఎక్కడో జడుసుకున్నట్టుంది. మీ అమ్మని పిలిచి దిష్టి తీయిద్దాం" అన్నాడు.

నెల రోజుల కిందట అయితే ఆమె కూడా అదే అనుకునేది. ఇప్పుడు ఆమె కళ్ళ ముందు నాలుగో తొట్టి మూల కనబడింది.

*

సోమవారం నుంచి గవరయ్య పనికి రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆరో తొట్టిలో చేపలు బుధవారానికి మేత మానేశాయి. ముప్ఫై ఆరు చేపలూ, ఎర్రదారం కట్టిన నాలుగూ కలిసి గోడకు తలలు ఆనించాయి.

శుక్రవారం పదింటికి నూకరత్నం స్కూటరు మీద పేటలోకి వెళ్ళింది. గవరయ్య ఇల్లు పడవలు లాగే ఇసుకకు వందడుగుల దూరంలో ఉంటుంది. తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. ఆయన భార్య సింహాచలం అరుగు మీద కాదు, వీధికి అవతలపక్క చెప్పుల్లేకుండా ఎండలో కూర్చుని ఉంది.

"ఇంట్లోకెల్లలేకపోతన్నానమ్మా" అంది సింహాచలం. "మా అప్ప ఇంటికాడ కూకుంటే బాగానే ఉంటాది. ఈ గడప తొక్కితే చాలు గుండె దడదడలాడిపోతాది. అన్నం కంచం లోపలికి తోసేసి పారొచ్చేత్తన్నాను. ముప్పైనాలుగేళ్ళు కాపరం చేసిన మనిసి. ఆయన్ని చూత్తే పారొచ్చేత్తన్నాను." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "కోళ్ళు కూడా గూడు ఇడిచిపెట్టి పోనాయి."

నూకరత్నం తలుపు తోసింది. గవరయ్య నులకమంచం కింద, గోడకు ముఖం పెట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఆమె గడపలో ఉండగానే ఆ భయం వచ్చి తగిలింది. కాళ్ళ కింద నేల జారినట్టు, వెనక ఏదో నోరు తెరిచినట్టు అనిపించింది. దానికి ఆకారం లేదు. తలుపు చెక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"గవరయ్య గారూ."

"రాకమ్మా" అన్నాడు ఆయన గోడవైపు నుంచే. "నాకేటీ కనపడతల్లేదు. దెయ్యం లేదు, బూతం లేదు. అలాటిదేదైనా కనపడితే బాగుండును. ఏటీ లేకుండా బయం. సంద్రం మీద నాలుగు తుపాన్లు చూసేనమ్మా నేను. ఎప్పుడూ ఇలాగ లేదు."

"వేలు చూపించండి ఒకసారి."

ఆయన వెనక్కి తిరక్కుండా చెయ్యి చాపాడు. ముల్లు దిగిన చోట పుండు మానిపోయింది. కానీ అక్కడినుంచి మణికట్టు దాకా తోలు తడితడిగా, నిగనిగలాడుతోంది. చేప ఒంటి మీద జిగురులా ఉంది. నూకరత్నం తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. గీరుకున్న చోట అదే నిగారింపు. అంత పెద్దది కాదు. రూపాయి బిళ్ళంత ఉంది.

ఆమెకు సంగతంతా అక్కడే, ఆ గడపలోనే అర్థమైంది. జడుపు చేపను భయపెట్టి ఊరుకోలేదు. లోపలికి వెళ్ళిన జడుపు, దాన్ని తయారు చేయడం తోలుకు నేర్పింది. ఇక బయటినుంచి కలపక్కర్లేదు. బెదిరిన చేపే తన చుట్టూ నీళ్ళను బెదరగొడుతుంది. ఆ నీళ్ళు పీల్చిన ఇంకో చేప తోలూ అదే పని మొదలుపెడుతుంది. మనిషికైతే గాయం గుండా నెత్తురులో కలవాలి. కలిశాక మనిషి చెమటలోనూ అదే ఉంటుంది. దగ్గరున్నవాళ్ళకు ఆ చెమట గాలి తగిలినంతసేపూ భయం, దూరంగా పోతే లేదు. సింహాచలం అప్ప ఇంటికి పోతే బాగుండటం అందుకే. వేణి "అమ్మంటే కాదు, అమ్మ దగ్గర" అనడం అందుకే.

పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి వచ్చేదాకా ఆమె వీధిలోనే నిలబడింది. పేట మగవాళ్ళు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నారు. ఏదో అడగడానికి ఒకరిద్దరు ఆమె వైపు రాబోయి, మధ్యలో ఎందుకో ఆగి, తలలు గోక్కుని వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళ చేతులు ఆమెకు బాగా తెలుసు. ఆ చేతుల్లో ముల్లు గుచ్చుకోనిది ఒక్కటీ ఉండదు.

*

శనివారం, కేంద్రంలోనే పనిచేసే జమీలా నూకరత్నాన్ని తన గదిలోకి పిలిచింది. జమీలా చేప చెవిరాళ్ళు చదువుతుంది. చేప తలలో, చెవి దగ్గర, బియ్యపు గింజంత తెల్లటి రాయి ఉంటుంది. రోజుకొక సన్నటి పొర ఆ రాయికి చేరుతుంది. దాన్ని అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే చేప ఎన్ని రోజులు బతికింది, ఏ రోజు బాగా తిన్నది, ఏ రోజు పస్తు పడుకుంది అన్నీ వలయాల్లో కనిపిస్తాయి. జమీలా ఆ గదిలో పదేళ్ళుగా ఇదే చదువుతోంది. సముద్రం సంగతులు ఇంత గట్టిగా ఇంకెవరూ రాసిపెట్టరు అంటుంది.

"నువ్వు గుమ్మం దగ్గరే ఉండక్కా" అంది జమీలా. చెప్పలేక చెప్పింది. నూకరత్నం తలూపి గుమ్మంలోనే ఆగింది. గోడమీది తెర మీద రాయి పెద్దదై కనిపిస్తోంది.

"ఇది నాలుగో తొట్టి చేప. ఇదిగో, జడుపు కలిపిన రోజు. అక్కడిదాకా వలయాలు చూడు, ఎంత వెడల్పుగా ఉన్నాయో. ఆ రోజు తర్వాత అన్నీ కలిసి నల్లగీత అయిపోయాయి." ఇంకో బొమ్మ పెట్టింది. "ఇది ఎర్రదారం చేప. దీనికి గీత ఎనిమిది రోజుల తర్వాత, ఆ తొట్టిలో వేసిన మర్నాడు, మొదలైంది. ఇక ఇది ఆరో తొట్టిది. ఇది జడుపు చూడలేదు, నాలుగో తొట్టి నీళ్ళూ చూడలేదు. దీనికీ ఉంది గీత." జమీలా గొంతు తగ్గించింది. "మూడింటిలోనూ ఒకటే మందం అక్కా. మూడో చేతికి వచ్చినా పలచబడలేదు. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు."

సముద్రంలో ఎన్ని చేపలున్నాయో ఇద్దరికీ తెలుసు.

"పీపాలు బల్లకట్టు మీదికి ఎక్కించారు" అంది జమీలా.

*

ఆదివారం ఉదయం నూకరత్నం ముక్తేశ్వరరావు గారి ఆఫీసు గదికి వెళ్ళింది. ఆయన చెడ్డమనిషి కాదు. కేంద్రాన్ని రెండు గదుల నుంచి ఇంత దాకా తెచ్చిన మనిషి. మార్చిలో రిటైరవుతున్నారు. మర్నాడు కలెక్టరు గారు వస్తున్నారని మీసాలు కత్తిరించుకుని ఉత్సాహంగా ఉన్నారు. ఆమె చెవిరాళ్ళ బొమ్మలు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరున్న కుర్చీలో కూర్చుని, జరిగిందంతా చెప్పింది.

ఆయన బొమ్మలు తిప్పి చూశారు. "తొట్టి వేరు, సముద్రం వేరు రత్నం గారూ. తొట్టిలో నలభై చేపల్ని కుక్కాం. ఆ ఒత్తిడికే మేత మానేసి ఉండొచ్చు. సముద్రంలో ఎంత నీరు, ఎంత పోటు. పలచబడిపోతుంది."

"మూడో విడత చేపల దాకా వచ్చినా పలచబడలేదు సార్."

"గవరయ్యకి వయసు మీదపడింది. ఆసుపత్రివాళ్ళు ఏదో మానసిక జబ్బు అంటున్నారట కదా. మీరు కూడా నెల రోజుల్నించి నిద్రల్లేక ఉన్నారు. మనుషులకి పట్టిందనడానికి రుజువేదమ్మా?"

నూకరత్నం లేచింది. తలుపు మూసింది. కిటికీలు మూసింది. గోడకున్న ఏసీ, పైన ఫ్యాను ఆపేసింది. కుడిచేతి తొడుగు విప్పి, కుర్చీ లాక్కుని ఆయన బల్లకు ఎదురుగా, దగ్గరగా కూర్చుంది.

"పది నిమిషాలు నాతో ఇలా కూర్చోండి సార్. ఆ తర్వాత మీరేం చెప్తే అది చేస్తాను. సోమవారం పీపాలు నా చేత్తోనే ఒలకబోస్తాను."

ఆయన గడియారం వైపు చూసి, చిన్నపిల్ల మాట కాదనలేనట్టు నవ్వారు. మొదటి రెండు నిమిషాలూ మనవడి పుట్టువెంట్రుకల సంగతి చెప్పారు. మూడో నిమిషంలో వాక్యం మధ్యలో ఆగారు. ఎక్కడ ఆగారో మళ్ళీ గుర్తు రాలేదు. నాలుగో నిమిషంలో కుర్చీ చక్రాలు వెనక్కి కదిలాయి. ఆయన కదిలించలేదు, కాళ్ళు కదిలించాయి. నుదుటిమీద చెమట బొట్లు కట్టింది.

"రత్నం గారూ, నా వెనకాల ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్. గోడ ఉంది."

"గోడేనా?"

"గోడే సార్. తిరిగి చూసుకోండి."

ఆయన తిరిగి చూడలేదు. చూపు ఆమె మీదినుంచి తీస్తే ఏదో జరిగిపోతుందన్నట్టు కళ్ళు పెద్దవి చేసి ఆమెనే చూస్తున్నారు. నూకరత్నాన్ని కూడా ఆ భయం పట్టుకుంది. తన భయం, ఆయన భయం గదిలో కలిసి మరింత దట్టమయ్యాయి. లేచి పారిపొమ్మని ఒళ్ళంతా చెబుతోంది. అయినా రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చుంది.

"మా పేటలో ముల్లు గుచ్చుకోని చెయ్యి లేదు సార్" అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "రేపు పోస్తే ఎల్లుండికి మొగలో చేపలన్నీ ఇలా అవుతాయి. నెలకి తీరం అంతా. చేపలు గొట్టాల దగ్గరికి రావు, నిజమే. మేత దగ్గరికీ రావు, గుడ్లు పెట్టడానికీ రావు. పడిన నాలుగు చేపలూ ఎవరి చేతిలోనో ముల్లు దింపుతాయి. ఆ మనిషి ఇంటికి వెళ్తాడు. పిల్లలు దగ్గరికి రారు."

ఆరో నిమిషంలో ముక్తేశ్వరరావు గారు లేచి, బల్ల చుట్టూ తిరిగి రావడానికి కూడా ధైర్యం చాలక, పక్కనున్న కిటికీ రెక్కలు రెండు చేతులతో తోసేశారు. బయటి గాలికి ముఖం ఆనించి చాలాసేపు నిలబడ్డారు. నూకరత్నం గది బయటికి వెళ్ళి, వరండా చివరన నిలబడింది.

పావుగంట తర్వాత ఆయన గుమ్మంలోకి వచ్చారు. చొక్కా మొత్తం తడిసిపోయింది. "మీరు నాకు పదకొండేళ్ళుగా తెలుసు" అన్నారు దూరంనుంచే. "నేను ఇందాక మిమ్మల్ని చూసి పారిపోదామనుకున్నాను." ఫోను తీసి బల్లకట్టువాళ్ళకు చేశారు. పీపాలు దింపమన్నారు. అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. "నేను చెప్తున్నాను, దింపండి" అని పెట్టేశారు.

*

పీపాల మూతలకు సీలు వేసి, సిమెంటు బట్టీలాంటి పెద్ద కొలిమికి పంపి కాల్చేశారు. తొట్లలో చేపల్ని చంపి, సున్నంలో వేసి, ఆ సున్నాన్నీ కాల్చారు. తొట్టినీళ్ళు మరగబెట్టడానికి పదహారు రోజులు పట్టింది. జమీలా తొమ్మిది చేపల్ని మాత్రం మూతలున్న అద్దాల తొట్టిలో ఉంచుకుంది. ఆ భయం ఎప్పటికైనా తగ్గుతుందా అన్నది వాటి చెవిరాళ్ళలోనే తెలియాలి. రాయి చదవాలంటే చేపను చంపాలి. అంటే తొమ్మిదిసార్లే అడగగలదు. నెలకొకసారి అడుగుతోంది. మూడుసార్లు అడిగింది. మూడోసారి గీత పక్కన, వెంట్రుక వాసిలో, ఒక తెల్లటి సందు ఉందేమో అనిపించిందట. కచ్చితంగా చెప్పలేనంది.

గవరయ్య ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో ఉన్నాడు. మత్తు ఇస్తే నిద్రపోతాడు, లేస్తే గోడవైపు తిరుగుతాడు. సింహాచలం రోజూ వెళ్ళి, గాజు కిటికీకి ఇవతల కూర్చుని, ఆయనకు వినపడకపోయినా పేట కబుర్లు చెప్పి వస్తుంది.

నూకరత్నం కేంద్రం ఆవరణలోనే ఒక పాత గెస్టుహౌసులో ఉంటోంది. ఆమెకు పట్టింది తక్కువ. అయినా ప్రతి పొద్దూ కళ్ళు తెరవగానే గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటుంది. పుస్తకంలో రోజూ తన అరచేతి మచ్చ కొలత, నాడి, నిద్రపోయిన గంటలు రాసుకుంటుంది. అన్నం కంచం గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, మనిషి వెళ్ళిపోతాడు. పరిగెత్తే అడుగుల చప్పుడు ఆమెకు లోపలికి వినిపిస్తుంది.

వారానికొకసారి కూతుర్ని చూస్తుంది. ఆ దారి వీరభద్రుడే కనిపెట్టాడు. లెక్కల మాస్టారు కదా, కాగితం మీద ఒడ్డు గీసి, గాలి బాణాలు గీసి చూపించాడు. మధ్యాహ్నం మూడు దాటాక గాలి సముద్రం మీదినుంచి ఒడ్డు మీదికి వీస్తుంది. పిల్ల అలల దగ్గర నిలబడాలి. నూకరత్నం సరుగుడు తోట వైపు, గాలికి అవతల, అరవై అడుగుల దూరంలో నిలబడాలి. ఆమె మీది గాలి తోటలోకి పోతుంది, పిల్ల వైపు రాదు. గాలి మళ్ళితే మాత్రం నూకరత్నం ఆ క్షణమే తోటలోకి పరిగెత్తాలి. అది ముగ్గురూ అనుకున్న నియమం.

ఒక శనివారం గాలి బాగానే ఉంది. వేణి తెల్లగౌను వేసుకుని వచ్చింది. అలల హోరు మీదుగా గొంతెత్తి చెబుతోంది. బడిలో నాటకం వేస్తున్నారట. తనకి కుందేలు వేషం ఇచ్చారట. చెవులు అట్టముక్కతో చేశారట. ఒక చెవి మాటిమాటికీ వంగిపోతోందట.

"పుల్ల పెట్టి కుట్టమని నాన్నకి చెప్పు" అని నూకరత్నం అరిచింది.

"నాన్నకి కుట్టడం రాదు" అని వేణి అరిచింది. వీరభద్రుడు నవ్వాడు. నూకరత్నానికి కూడా, నెలల తర్వాత, గుండెమీది బరువు కాస్త పక్కకు జరిగినట్టనిపించింది.

అప్పుడు గాలి పడిపోయింది. సరుగుడు ఆకుల చప్పుడు ఆగింది. నూకరత్నం మెడ వెనక చల్లగా తగిలింది. ఎప్పుడూ ముఖానికి తగిలే గాలి, తోటలోంచి సముద్రం వైపు మళ్ళింది. ఆమె చీరకొంగు ఎగిరి ముందుకు, పిల్ల వైపు చాచుకుంది.

వేణి మాట మధ్యలో ఆగిపోయింది. అరవై అడుగుల దూరంనుంచి కూడా ఆ ముఖంలో రంగు మారడం కనిపించింది. పిల్ల రెండు చేతులతో తండ్రి ప్యాంటు పట్టుకుంది. వీరభద్రుడు కూతుర్ని ఎత్తుకోబోయి, తనూ ఒకడుగు వెనక్కి వేశాడు.

నూకరత్నం వెనక్కి తిరిగి తోటలోకి పరుగు లంకించుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనకనుంచి వేణి గొంతు, ఏడుపులో విరిగిపోతూ, వినిపించింది.

"అమ్మా, పరిగెత్తకు. నువ్వు పరిగెడితే నాకింకా భయం."

నూకరత్నం ఆగింది. ఇప్పుడు ఏ అడుగు ఎటు వేయాలో ఆమెకు తెలియలేదు. ఒళ్ళు పరిగెత్తమంటోంది. అనుకున్న నియమమూ పరిగెత్తమంటోంది. ఆమె మెల్లగా తిరిగింది. నిలబడ్డచోటే, ఇసుకలో, మోకాళ్ళు మడిచి కూర్చుంది.

"కూర్చున్నానమ్మా" అంది. "ఎక్కడికీ వెళ్ళను. నువ్వు వెళ్ళాలంటే వెళ్ళిపో. నాకేం కోపం రాదు."

వేణి వెళ్ళలేదు. దగ్గరికీ రాలేదు. పళ్ళు టకటకమంటుంటే తండ్రి కాలును కరుచుకుని నిలబడి, కళ్ళు తల్లి మీదినుంచి తీయకుండా చూసింది. తర్వాత ఆగిన మాట మళ్ళీ అందుకుంది.

"రెండో చెవి బాగానే ఉంది" అంది. "ఒక్కటే వంగుతోంది. టీచరు గమ్ము పెట్టింది. అయినా..." అక్కడ వెక్కు అడ్డం వచ్చింది. మింగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

నూకరత్నం వింటూ కూర్చుంది. గాలి ఇంకా వెనక్కి మళ్ళలేదు.